నాలాలో పడేదెవరు, బురద ఎత్తేదెవరు?

2023 ఏప్రిల్ 29 పొద్దున సికింద్రాబాద్ కళాసిగూడలో ఒక బడిపిల్ల తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పాల కోసం బయటికొచ్చింది. వానకి రోడ్డు మునిగి ఉంది. నీళ్ళ కింద నాలా తెరుచుకుని ఉన్న సంగతి కనపడలేదు. తమ్ముడు జారితే పట్టుకోబోయి తాను కొట్టుకుపోయింది. పార్క్ లేన్ దగ్గర శవం దొరికింది. ఇద్దరు ఉద్యోగుల్ని సస్పెండ్ చేశారు. 'ఎంత త్యాగం!' అన్నారు చాలామంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండింది. త్యాగమని పేరు పెట్టేశాక నాలా మీద మూత ఎందుకు లేదని అడిగే పని తప్పుతుంది కదా. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు మీద వెళ్ళిన పన్నెండేళ్ళ పిల్ల కూడా ఇలాగే తెరిచి ఉన్న నాలాకి బలయింది.

'ఊహించని వాన' అంటారు. ఈ జంటనగరాల్లో వాన ఊహించనిదెప్పుడు? 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాని తరవాతే విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2000 ఆగస్టులో నగరం మునిగింది. కన్సల్టెంట్లు 2003లో నివేదిక ఇచ్చారు. 2020 అక్టోబరులో మళ్ళీ మునిగాక గానీ, దాదాపు 985 కోట్లతో నాలాల అభివృద్ధి పథకం రాలేదు.

కాంక్రీటు వద్దనటం లేదు నేను. బాక్స్ డ్రెయిన్లు కావాలి, రిటైనింగ్ గోడలూ కావాలి. నా తగాదా లెక్కతో. గంటకి ఎన్ని మిల్లీమీటర్ల వాన పడుతుందో ఇంజనీరు లెక్కేస్తాడు. పొద్దున ఆరింటికి ఆ నాలా పక్కనుంచి నడిచేదెవరో లెక్కెయ్యడు. పాలకి వెళ్ళే ఆడపిల్లలు, అపార్టుమెంట్లలో పాచిపనికి పోయేవాళ్ళు, చీపుళ్ళు పట్టుకుని రోడ్డెక్కే పారిశుధ్య కార్మికులు. ఇంటి చాకిరీకి బడ్జెట్టులో పద్దు లేనట్టే వాళ్ళ నడక దారికి డ్రాయింగులో గీత లేదు.

2020 వరద తగ్గాక నేనొక బస్తీకి వెళ్ళాను. ఇంటింటా ఆడవాళ్ళే బురద ఎత్తిపోస్తున్నారు. తడిసిన బియ్యం చాప మీద ఆరబోశారు. జ్వరంతో ఉన్న పిల్లలు మంచాల మీద. పనికి నాలుగు రోజులు పోలేదని జీతం కోసిన ఇళ్ళ సంగతి ఒకావిడ చెప్పింది. పక్కావిడ అందుకుంది: "గోడ మీద నీళ్ళ మచ్చ కొల్సుకొని పోయిండ్రు మేడం. లెట్రిన్ల నీళ్ళు ఇంట్లకొస్తే మేమెక్కడ పోవాల్నో ఒక్కలు అడగలే." చీకటి పడేదాకా కడుపు బిగబట్టుకుని ఉన్నారు వాళ్ళంతా. పదివేల సాయం కోసం నవంబరులో మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. 18వ తేదీన ఎన్నికల కోడ్ పేరుతో అదీ ఆగిపోయింది. వరదని 'తట్టుకునే శక్తి' అని సెమినార్లలో గొప్పగా చెప్పుకునేది ఈ జీతం లేని చాకిరీనే. పద్దు లేకపోతే ఖర్చే లేనట్టు!

'నాలాని ఆక్రమించింది వాళ్ళే కదా' అని మన మిత్రులే కొందరంటారు. చెరువులు పూడ్చి అనుమతి కాయితాలతో లేచిన లేఅవుట్లని ఏమంటారు మరి? నాలుగిళ్ళలో పనిచేసే మనిషి ఆ నాలుగిళ్ళకీ నడిచిపోగలిగిన చోటే గుడిసె వేసుకుంటుంది. ఊరవతల డబుల్ బెడ్‌రూం ఇల్లిస్తే ఆమెకి పైకప్పు వస్తుంది, బతుకుతెరువు పోతుంది. 2024 సెప్టెంబరులో మూసీ పక్క ఇళ్ళకి ఎర్ర గుర్తులు వేసినప్పుడు అంతమంది ఆడవాళ్ళు అధికారులకి అడ్డం తిరిగింది ఊరికే కాదు.

గోడలు లేపినంత మాత్రాన ప్రాణాలు దక్కవు. 1991 బంగ్లాదేశ్ తుఫానులో 20-44 ఏళ్ళ వయసువాళ్ళలో వెయ్యికి 15 మంది మగవాళ్ళు పోతే, ఆడవాళ్ళు 71 మంది పోయారు. మగవాళ్ళ అనుమతి లేకుండా ఇల్లు కదలకపోవటం, షెల్టర్లలో మరుగు లేకపోవటం ఇందుకు కారణాలని తరవాత తేలింది. వేరే గదులు, మహిళా వాలంటీర్లు ఆ పాఠంతోనే వచ్చాయి.

మన దగ్గరో? 2020లో ఎన్నికైన జీహెచ్ఎంసీ కౌన్సిల్లో సగం సీట్లు మహిళలవిగా ఉండేవి, మేయరయిందీ స్త్రీయే. ఆ రిజర్వేషను టెండరు కాయితం దాకా రాలేదు. నాలా పని పూర్తయిందని బిల్లు చెల్లించే ముందు ఆ బస్తీ ఆడవాళ్ళు నడిచి చూసి సంతకం పెట్టాలి. సాయం డబ్బు కిరాయిదార్లకీ, ఇంటి ఆడమనిషి పేరున అందాలి. వరదొస్తే తలదాచుకునే బడిలో, కమ్యూనిటీ హాల్లో గడియపడే మరుగుదొడ్లుండాలి. మూతల్లేని నాలాల, మాన్‌హోళ్ళ జాబితా మే నెలాఖరుకి బస్తీ గోడ మీద అంటించాలి. ఈ ఏడు ఆ జాబితా అడగటానికి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు పాచిపనివాళ్ళకి ఖాళీ దొరికే మధ్యాహ్నం వేళే పెట్టుకుందాం.