లిప్‌స్టిక్‌తో ఆర్థికశాస్త్రం చెప్పకండి

ఆర్థికశాస్త్రం మీద పిల్లలకు ఆసక్తి పుట్టాలంటే లిప్‌స్టిక్‌తో మొదలుపెట్టాలట. ఈ మధ్య డిగ్రీ అధ్యాపకుల సమావేశంలో ఒకాయన మైకు ముందు ఈ మాటంటే సభ చప్పట్లు కొట్టింది. గ్రూప్స్ పరీక్షల బిట్ల పుస్తకాల్లోనూ ఇదే వరస. లిప్‌స్టిక్ సూచీ, బర్గర్ సూచీ, మగవాళ్ల లోదుస్తుల సూచీ, ఆకాశహర్మ్యాల సూచీ. ఒక్కోదానికి ఒక్క వాక్యం, దాని కింద నాలుగు ఆప్షన్లు. దీన్ని చదువంటే నేనొప్పుకోను.

లిప్‌స్టిక్ సంగతే తీసుకోండి. 2001 మాంద్యంలో అమెరికాలో లిప్‌స్టిక్ అమ్మకాలు పెరిగాయని చెప్పింది ఎస్టీ లాడర్ కంపెనీ ఛైర్మన్ లెనార్డ్ లాడర్. ఖరీదైనవి కొనలేని ఆడవాళ్లు చిన్న విలాసంతో సరిపెట్టుకుంటారన్నది ఆయన వివరణ. అంటే ఆ మాట చెప్పింది లిప్‌స్టిక్‌లు అమ్ముకునే మనిషి! ఒక వ్యాపారి తన సరుకు గురించి అన్న మాట మన తరగతి గదిలో సూత్రం ఎలా అయింది? 2020లో కరోనా వచ్చింది. దేశదేశాల ఆర్థిక వ్యవస్థలు కుంగాయి. మూతికి మాస్కు వచ్చేసరికి లిప్‌స్టిక్ అమ్మకాలూ పడిపోయాయి. అయినా సూత్రం తప్పిందని దాని అభిమానులు ఒప్పుకోలేదు, కళ్లకు పూసుకునే మస్కారా చూడమన్నారు. అంతకుముందు గోళ్ల రంగు చూడమన్నదీ వీళ్లే. ఏం జరిగినా తప్పని తేలని మాటకు శాస్త్రంలో చోటులేదు. పిల్లలకు మొదట చెప్పాల్సింది ఇది, మనవాళ్లు చెప్పనిదీ ఇదే.

మాంద్యంలో మగవాళ్లు కొత్తవి కొనడం మానేస్తారన్న లోదుస్తుల సూచీకి అలన్ గ్రీన్‌స్పాన్ పేరు తగిలించి చెబుతారు. 1987 నుంచి 2006 దాకా అమెరికా ఫెడరల్ రిజర్వ్‌ను నడిపిన ఆయనే 2008 అక్టోబరులో అక్కడి కాంగ్రెస్ కమిటీ ముందు తన ఆలోచనలో లోపం కనబడిందని ఒప్పుకున్నారు. ఇక దాని మీద చర్చ దండగ. ఎత్తైన భవనాలు లేస్తే మాంద్యం వస్తుందన్న ఆకాశహర్మ్యాల సూచీ కూడా అంతే, కలిసొచ్చిన భవనాలను లెక్కలో వేసి తక్కినవి వదిలేస్తారు.

బర్గర్ సూచీకి మాత్రం వెనక ఒక గట్టి భావన ఉంది. 1986లో ది ఎకనమిస్ట్ పత్రిక మొదలుపెట్టింది. ఒకే సరుకు ధరను రెండు దేశాల్లో పోల్చి కరెన్సీ విలువను అంచనా కట్టడం దాని పని. మన దేశానికి చికెన్ మహారాజా మాక్ ధర తీసుకున్నారు. రూపాయి విలువ చాలా తక్కువగా ఉందని తేలింది. కానీ బర్గర్ ధరలో పెద్ద భాగం ఇక్కడి కౌంటరు వెనక కుర్రాడి జీతం, దుకాణం అద్దె. వాటిని ఓడకెక్కించి అమెరికాలో అమ్మలేం కదా! బిట్ల పుస్తకంలో ఈ ముక్క ఉండదు.

నా కోపమంతా మన ధరల సూచీని పట్టించుకోకపోవడం మీద. వినియోగదారుల ధరల సూచీ 2012 శ్రేణిలో పల్లెలకు సంబంధించి ఆహార పానీయాల వాటా 54.18 శాతం. ఆ వాటాలు 2011-12 కుటుంబ వ్యయ సర్వే నుంచి వచ్చినవి. 2017-18లో మళ్లీ సర్వే చేశారు. దత్తాంశం నాణ్యత బాగాలేదంటూ 2019 నవంబరులో కేంద్రం ఆ ఫలితాలను పక్కన పెట్టేసింది. తర్వాత 2022-23 సర్వే వచ్చేసరికి పల్లె కుటుంబం ఖర్చులో తిండి వాటా సుమారు 46 శాతానికి దిగింది. ఇన్నేళ్లూ పాత బుట్టతోనే ధరలు కొలిచారు. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు తేల్చేది ఆ సూచీ చూసే. ఇంటి అప్పు కంతు పెరగడం, తగ్గడం ఆ రేటును బట్టే. ఇంత పెద్ద సంగతి ఎంతమంది డిగ్రీ విద్యార్థులకు తెలుసు? 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు, దాని గురించి తరగతిలో ఒక్క ప్రశ్న లేదు. లాడర్ పేరు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

వింత సూచీలే కావాలంటే మన ఊళ్లలో కరువా? ఉపాధి హామీ కింద 2019-20లో 5.48 కోట్ల కుటుంబాలు పని చేస్తే, 2020-21లో 7.55 కోట్ల కుటుంబాలు చేశాయి. పట్నం పని పోయి ఊరు చేరినవాళ్లు ఎందరో కరువు పనికి దిగారు. కుదువ బంగారం వేలం ప్రకటనలు పేపర్లో పేజీలకు పేజీలు వస్తాయి. 2019లో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొనడానికీ జనం వెనకాడుతున్నారని కంపెనీలే మొత్తుకున్నాయి. వీటినైనా గుడ్డిగా నమ్మకూడదు. నిధులు ఆగితే పనిదినాలు తగ్గుతాయి, బంగారం ధర పెరిగితే తాకట్టు అప్పూ పెరుగుతుంది. ఆ తేడా విడదీసి చూడటం నేర్పితే అదే పాఠం.

అధ్యాపక మిత్రులారా, ఆ బిట్ల పుస్తకం మూసేయండి. పిల్లల్ని రైతు బజారుకు, కిరాణా కొట్టుకు పంపి నెలనెలా ధరలు రాయించండి. సాధారణంగా ప్రతి నెలా 12వ తేదీన కేంద్రం ధరల సూచీ విడుదల చేస్తుంది. ఆ ప్రకటనను తరగతిలో చదివించి, పిల్లలు రాసుకొచ్చిన ధరలతో పోల్చి చూపించండి.