బావురుపిల్లి మన ఊరిదే

దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు రాత్రిపూట రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండేవాళ్ళకు బావురుపిల్లిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒళ్ళు, నల్లమచ్చలు, పొట్టి తోక. నీళ్ళలోకి దూకి చేపను పట్టుకొస్తుంది. పశ్చిమ బెంగాల్ దాన్ని తన రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది. మనమేమో మచ్చలు చూసి చిరుతపులి పిల్ల అని హడలిపోయి కర్రలు తీస్తాం. విజయవాడలో చాలామందికైతే అలాంటి జంతువు మన కృష్ణా డెల్టాలో ఉందనే తెలియదు.

సొర్లగొంది, నాచుగుంట మడ అడవులను కలుపుకొని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. సుమారు 195 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లికి ఆ హద్దు తెలియదు. మురుగుకాలువ వెంట, తుంగలో, జమ్ములో నడుచుకుంటూ మన పొలాల్లోకి, చెరువుల దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే దాని ప్రాణం అటవీశాఖ చేతిలో కంటే మన చేతిలోనే ఎక్కువ ఉంది.

చెరువులో చేపలు తింటుంది, నిజమే. రైతు కష్టం నేను కాదనను. కానీ రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు తగిలితే వారం పది రోజుల్లో చెరువంతా పోతుంది. దాని ముందు పిల్లి తినేదెంత? పైగా వరిచేలల్లో ఎలుకల్ని కూడా పట్టేది అదే. గట్టు చుట్టూ వల కట్టుకోండి, లైటు పెట్టుకోండి. కరెంటు తీగ మాత్రం లాగకండి. ఆ తీగ పిల్లినీ చంపుతుంది, మీ కాపలా మనిషినీ చంపుతుంది. బావురుపిల్లి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, చంపితే జైలే. అయినా చట్టానికి భయపడి ఆగేకన్నా, ఊరు సిగ్గుపడి ఆగితే బాగుంటుంది.

బెజవాడ వాళ్ళం మనమూ తప్పించుకోలేం. మడ కొట్టేసి తవ్విన చెరువుల రొయ్య కూడా మన పళ్ళెంలోకి వస్తుంది. ఎక్కడిదని మార్కెట్లో ఎప్పుడైనా అడిగామా? మాఘ పౌర్ణమికి హంసలదీవి సముద్రస్నానానికి వెళ్ళేటప్పుడు రాత్రివేళ కరకట్ట మీద కారు వేగం తగ్గించామా? ఆస్ట్రేలియాలో కోలాలు తిరిగేచోట రోడ్డు పక్కన హెచ్చరిక బోర్డులుంటాయి. మనకు కరకట్ట మీద అలాంటి బోర్డులు ఎందుకుండకూడదు?

ఇక మడ సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన పెద్దలు దివిసీమలో ఇంకా ఉన్నారు. మడ దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మడ నిలిస్తే బావురుపిల్లికి నీడ, మనకు గోడ.

పొదల్లో బావురుపిల్లి కూనలు కనిపిస్తే ఇంటికి తేకండి, ఫొటోల కోసం చుట్టూ మూగకండి. వాటి మానాన వదిలేస్తే తల్లి తిరిగొస్తుంది. గాయపడింది కనిపిస్తే అటవీశాఖకు కబురు చేసి, కుక్కలు దగ్గరికి రాకుండా చూడండి. వచ్చే గ్రామసభలో రోడ్లు, పింఛన్లు అయ్యాక ఒక్కమాట లేవదీయండి: మన ఊరి పరిధిలో ఇకమీద మడ కొట్టి చెరువు తవ్వకూడదని తీర్మానం రాయమని సర్పంచి గారిని అడగండి.