అనవసర తప్పిదాలు

టెన్నిస్ వార్తల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట 'అనవసర తప్పిదాలు'. ఎదుటి ఆటగాడు పెద్దగా ఇబ్బంది పెట్టకపోయినా చేజేతులా బంతిని నెట్‌కి కొడితేనో, గీత దాటిస్తేనో ఆ ఖాతాలో రాస్తారు. నేను స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసే రోజుల్లో ఓ పాఠకుడు కార్డు ముక్క రాశాడు: 'అయ్యా, మరి అవసరమైన తప్పిదాలు కూడా ఉంటాయా? ఉంటే వాటి వివరాలు ప్రచురించగలరు.' జవాబు రాయలేదు. ఏమని రాస్తాం? ఆ వారం మా పేజీలో పడ్డ తప్పులన్నీ అనవసరమైనవే.

వాటిలో రాజు లాంటిది 2008 జులై 6న జరిగింది. వింబుల్డన్ ఫైనల్. ఫెదరర్, నాదల్. నాదల్ మొదటి రెండు సెట్లూ 6-4, 6-4తో లాగేశాడు. మా ఇన్‌చార్జి ఊపిరి పీల్చుకుని 'నాదల్ కొత్త రాజు' అని హెడ్డింగ్ కట్టించి పెట్టాడు. మధ్యలో వాన. తర్వాత ఫెదరర్ రెండు సెట్లు టైబ్రేక్‌లో గెలిచాడు. దాంతో 'ఫెదరర్‌కి ఆరోది' అని ఇంకో హెడ్డింగ్, కింద వేసే ఫొటోకి 'ట్రోఫీతో ఫెదరర్' అని రెండు ముక్కలు కూడా సిద్ధమయ్యాయి. మళ్లీ వాన. ఐదో సెట్ 9-7తో నాదల్ ముగించేసరికి అక్కడ రాత్రి 9.16, మనకి 1.46. జిల్లా ఎడిషన్లు అప్పటికే 'హోరాహోరీ' అనే హెడ్డింగ్‌తో వెళ్లిపోయాయి. ఎవరు గెలిచారో తెలియనప్పుడు తెలుగు పాత్రికేయుణ్ని ఆదుకోవడానికే ఆ మాట పుట్టింది. సిటీ ఎడిషన్‌లో మాత్రం అంతా కరెక్టే. హెడ్డింగ్ నాదల్‌ది, స్కోరు నాదల్‌ది, అలవాటు ప్రకారం కప్పుని పళ్లతో కొరుకుతున్న ఫొటో కూడా నాదల్‌దే. దాని కింద: ట్రోఫీతో ఫెదరర్.

మర్నాడు పదకొండు ఫోన్లొచ్చాయి. కార్డులు వారం రోజులు వచ్చాయి.

పేర్ల సంగతి అంతకన్నా వినోదం. ఆండీ ముర్రేని వాళ్లు పిలిచేది దాదాపు 'మరీ' అని. మనం 'ముర్రే' అని రాసి ఆయన్ని పశువుల సంతకి తోలుకొచ్చాం. 'ముర్రే జోరు' అన్న హెడ్డింగ్ చూసి మా ఊరి పెద్దాయన ఒకరు అది పాల పోటీల వార్త అనుకుని సగందాకా చదివారట. 'ఎన్ని లీటర్లో రాయలేదేంరా' అని నన్నే అడిగారు.

చైనా అమ్మాయి లీ నా సంగతి ఇంకో రకం. 'లీ' ఇంటిపేరు. వాళ్లదీ మనలాగే ఇంటిపేరు ముందు రాసుకునే పద్ధతి. అయినా ఏజెన్సీ కాపీలో ఇంగ్లిష్‌వాళ్ల వరసలో తిరగేసి వచ్చిందాన్ని మనం ఉన్నదున్నట్టు దించుకుంటే 'నా లీ' అవుతుంది. 2011లో ఆవిడ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. 'నా లీ సంచలనం' అని రాస్తే మేనత్త కూతురి గురించి గొప్పగా చెప్పుకున్నట్టు ఉండదూ?

ఈమధ్య యంత్రానువాదం కూడా డెస్కుల్లోకి వచ్చి కూర్చుంది. దాని చేతికి టెన్నిస్ ఇవ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. ఈ ఆటలో సున్నాని లవ్ అంటారు, ర్యాంకు వరసని సీడ్ అంటారు. 2025లో వింబుల్డన్ గెలిచిన ఇటలీ కుర్రాడి ఇంటిపేరు సిన్నర్, ఇంగ్లిష్‌లో ఆ మాటకి పాపి అని అర్థం. యంత్రం పద్ధతిగా తర్జుమా చేస్తే 'అగ్ర విత్తనం పాపి ఆరు ప్రేమతో గెలుపు' అని రావాలి. పేజీ పంపే ముందు ఒక్క మనిషైనా చదవండ్రా అని కుర్రాళ్లకి అందుకే చెబుతుంటాను.

మనుషులు చదివితే మాత్రం ఏం ఒరిగింది అంటారా? నిజమే. సానియా మీర్జా, సైనా నెహ్వాల్ ఇద్దరూ హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్నవాళ్లే, ఇద్దరి చేతిలోనూ రాకెట్టే. ఒకరి నెట్ మధ్యలో మూడడుగుల ఎత్తు, ఇంకొకరిది ఐదడుగులు. అంత ఎత్తు తేడా ఉన్నా మన నోళ్లలో 'సానియా నెహ్వాల్', 'సైనా మీర్జా' పుడుతూనే ఉన్నారు. ఓ సన్మానసభలో వక్త ఒకాయన సైనాని వింబుల్డన్ గెలవమని దీవిస్తుంటే నేను ముందు వరసలో కూర్చుని రాసుకుంటున్నాను. 2019లో విశాఖలో జాతీయ క్రీడా దినోత్సవానికి పెట్టిన హోర్డింగ్ మీదైతే సానియా ఫొటో వేసి పీటీ ఉష అని రాశారు. ఉష చేతిలో రాకెట్ ఎందుకుందని ఎవరికీ తట్టలేదు.

నవ్వుకోవచ్చు గానీ ఇలాంటివాటిలో ఒక్కోసారి ముల్లు కూడా ఉంటుంది. 2022లో న్యూయార్క్ టైమ్స్ అచ్చు ప్రతిలో సెరెనా విలియమ్స్ పెట్టుబడుల సంస్థ గురించి కథనం వేసి, అక్కయ్య వీనస్ ఫొటో పెట్టారు. ఎంత దూరం వచ్చినా చాలలేదని గుర్తు చేస్తూనే ఉంటారని సెరెనా బాధపడింది. అప్పటికి ఆవిడ సింగిల్స్‌లోనే 23 పెద్ద టైటిళ్లు గెలిచింది.

దిద్దుబాటే తప్పయిన సందర్భం కూడా ఒకటి చెప్పాలి. 2010 వింబుల్డన్ మొదటి రౌండ్‌లో జాన్ ఇస్నర్, నికొలస్ మహుత్ మూడు రోజుల్లో కలిపి 11 గంటల 5 నిమిషాలు ఆడారు. చివరి సెట్ 70-68. కోర్టు పక్కన ఉన్న స్కోరుబోర్డు 47-47 దగ్గర చేతులెత్తేసింది, దానికి లెక్కలు అంతవరకే నేర్పారు మరి. మా ప్రూఫ్ రీడర్ చాలా జాగ్రత్త మనిషి. 70-68 చూశాడు. ఒక సున్నా, ఒక ఎనిమిది పొరపాటున పడ్డాయనుకుని తీసేశాడు. ముచ్చటగా 7-6 మిగిలింది. అప్పట్లో వింబుల్డన్ చివరి సెట్‌లో టైబ్రేకే లేదు, 7-6 అనేది అక్కడ జరగడానికి వీల్లేని స్కోరు. నిజంగా జరిగినదాన్ని కొట్టేసి జరగలేనిదాన్ని వేశాం. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

కొన్ని తప్పులు మరీ పాతబడి ఒప్పులైపోయాయి. నాదల్‌ని 'మట్టి మహారాజు' అంటాం. పారిస్ కోర్టు పైపొర మట్టి కాదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన పరిచిన ఎర్ర ఇటుక పొడి. ఆ స్టేడియానికి పేరిచ్చిన రోలాండ్ గారోస్ టెన్నిస్ వీరుడనుకుంటాం, ఆయన 1913లో మధ్యధరా సముద్రాన్ని విమానంలో దాటిన పైలట్. 'జొకోవిచ్ 24 గ్రాండ్‌స్లామ్‌లు' అని రాస్తాం. పేకాట నుంచి, అంటే బ్రిడ్జ్ నుంచి వచ్చిన ఆ మాటకి అసలర్థం నాలుగు పెద్ద టోర్నీలూ ఒకే ఏడాది గెలవడం. ఆ లెక్కన ఆయనకి ఒక్కటీ లేదు. పురుషుల్లో గానీ మహిళల్లో గానీ 1988లో స్టెఫీ గ్రాఫ్ తర్వాత సింగిల్స్‌లో ఎవరికీ అది చిక్కలేదు. అయినా నేను 24 అనే రాస్తాను. లోకమంతా అలాగే అంటుంటే ఒక్కణ్ని కూర్చుని దిద్దలేను.

దిద్దాల్సిన మాట ఇంకొకటుంది. చిన్నది, రెండక్షరాలు: 'తొలి'.

2016 రియో ఒలింపిక్స్‌లో ముర్రే సింగిల్స్ స్వర్ణం నిలబెట్టుకున్నాడు. ఒలింపిక్ టెన్నిస్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన మొట్టమొదటి వ్యక్తివి నువ్వే కదా, ఎలా ఉంది అని బీబీసీ వ్యాఖ్యాత జాన్ ఇన్వర్‌డేల్ మైకు పెట్టాడు. నాలుగు గంటలు ఆడి అలసిపోయిన మనిషి 'చాలా సంతోషం' అని వెళ్లిపోవచ్చు. ముర్రే అలా అనలేదు. సింగిల్స్ టైటిల్ నిలబెట్టుకున్న ఘనత వరకు సరే గానీ, వీనస్, సెరెనా చెరో నాలుగు గెలిచారనుకుంటా అన్నాడు. లెక్క కరెక్టు.

మరుసటి ఏడాది వింబుల్డన్ క్వార్టర్స్‌లో ఇదే ముర్రే నొప్పెడుతున్న తుంటితో శామ్ క్వెరీ చేతిలో ఓడాడు. విలేకరుల గదిలో ఒకాయన, 2009 తర్వాత పెద్ద టోర్నీలో సెమీస్ చేరిన తొలి అమెరికన్ క్వెరీ అంటూ ప్రశ్న మొదలుపెట్టాడు. 'పురుషుల్లో' అని ముర్రే మధ్యలోనే అందించాడు. అడిగినాయనకి అర్థం కాక 'ఏమన్నారు?' అన్నాడు. ముర్రే మళ్లీ అదే మాట చెప్పాడు. గదిలో నవ్వులు. ముర్రే నవ్వలేదు. 2009 తర్వాత ఆ రోజుకి సెరెనా ఒక్కతే 12 పెద్ద టైటిళ్లు గెలిచి ఉంది. వీనస్ అదే వింబుల్డన్‌లో ఫైనల్‌కి వెళ్లింది. అమెరికా సెమీస్ మొహం చూసి ఎనిమిదేళ్లయిందని ఆ విలేకరి అంటున్నాడు.

ఆయన్ని చూసి నేను కూడా నవ్వాను. తర్వాత పాత కటింగులు తీశాను. 2013 జులై 7న ముర్రే వింబుల్డన్ గెలిచిన రాత్రి డెస్క్‌లో ఉన్నది నేనే. ఫెదరర్ ఫొటో సంఘటన తర్వాత ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్న రోజులవి. పేరు చూశాను, స్కోరు చూశాను, ఫొటోలో ఉన్నది ముర్రేనే అని ఇద్దరిచేత చెప్పించుకున్నాను. హెడ్డింగ్ పెట్టాను: 'బ్రిటన్ 77 ఏళ్ల నిరీక్షణకు తెర'. 1936లో ఫ్రెడ్ పెర్రీ గెలిచాక మళ్లీ ఇప్పుడే అన్నమాట. లండన్ పత్రికలు కూడా అదే రాశాయి. ఎవరూ తప్పు పట్టలేదు. ట్రోఫీ ఫొటోకి వారం రోజులు కార్డులు రాసిన పాఠకుల్లో ఒక్కరూ దీనికి రాయలేదు. ఫోన్ మోగలేదు. సవరణ వేయలేదు.

ఆ సవరణ ఇప్పుడు వేస్తున్నాను. పెర్రీ తర్వాత మరుసటి ఏడాదే, 1937లో, డొరొతీ రౌండ్ వింబుల్డన్ మహిళల సింగిల్స్ గెలిచింది. 1961లో ఏంజెలా మోర్టిమర్ గెలిచింది. 1977 జులై 1న వర్జీనియా వేడ్ 4-6, 6-3, 6-1తో బెట్టీ స్టోవ్‌ని ఓడించింది. ముగ్గురూ బ్రిటన్‌వాళ్లే. వేడ్‌కి ఆ రోజు ట్రోఫీ అందించింది సాక్షాత్తూ ఎలిజబెత్ రాణి.