నొప్పి లేని గడ్డ

ఉంగరాల జుత్తు, బుగ్గన సొట్టలు, గలగలా పాటలు - పాతతరం ప్రేక్షకులకు షిర్లీ టెంపుల్ అంటే గుర్తొచ్చేవి ఇవే. 1928లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ హాలీవుడ్ బాలతార ఆరేళ్ళ వయసులోనే ప్రత్యేక ఆస్కార్ బహుమతి అందుకుంది. 1935 నుంచి 1938 దాకా వరసగా నాలుగేళ్ళు అమెరికా థియేటర్ల యజమానుల లెక్కలో మొదటి స్థానం పెద్ద నటులది కాదు, ఈ పాపదే. పెద్దయ్యేకొద్దీ ఆదరణ తగ్గింది. 1950లో, 22వ ఏట, సినిమాలు మానేసింది.

ఆరోగ్య శీర్షికలో సినిమా కబుర్లెందుకంటారా? ఆమె స్త్రీలకు చేసిన గొప్ప మేలు ఆ తర్వాత జరిగింది గనుక.

1972లో, 44వ ఏట, తన రొమ్ములో గడ్డ ఉన్నట్టు ఆమే గమనించింది. ఆ రోజుల్లో మత్తు ఇచ్చి ముక్క పరీక్ష చేసి, కాన్సరని తేలితే రోగి మేలుకోకముందే రొమ్ము తొలగించేవారు. ఆమె అందుకు ఒప్పుకోలేదు. ముందు పరీక్ష, ఫలితం తెలిశాక నిర్ణయం తనదేనన్నది. కాన్సరని తేలింది. ఆపరేషను చేయించుకుని, ఆస్పత్రి నుంచే ఆ సంగతి లోకానికి చెప్పింది. ఆ జబ్బు పేరెత్తడానికే సిగ్గుపడే కాలమది! తర్వాత ఘనాలో, చెకోస్లవేకియాలో అమెరికా రాయబారిగా పనిచేసి, 2014లో 85వ ఏట కన్నుమూసింది. అంటే ఆపరేషను తర్వాత 41 ఏళ్ళు బ్రతికింది.

మన ఆడవాళ్ళలో చాలామంది గడ్డను ఇప్పటికీ దాచుకుంటారు. పుండు పడ్డాక వచ్చి, "నొప్పి లేదు కదా, అదే పోతుందనుకున్నాను డాక్టరుగారూ" అంటారు. నొప్పి లేకపోవడమే ఇందులోని మోసం. కాన్సరు గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.

అలాగని గడ్డ తగలగానే హడలిపోకండి. ఎక్కువ గడ్డలు కాన్సరు కావు. ఏది కాదో, ఏది అవునో పరీక్ష తేల్చాలి.

ఈ మార్పుల్లో ఏది కనబడినా వెంటనే డాక్టరుకు చూపించండి: రొమ్ములో గాని చంకలో గాని కొత్త గడ్డ, చర్మం సొట్టపడడం, నారింజ తొక్కలా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం కారడం.

అవసరాన్నిబట్టి స్కానింగు, మామోగ్రాం, సూది పరీక్ష చేస్తారు. సూది గుచ్చితే కాన్సరు పాకుతుందన్నది వట్టి భయం. తొందరగా వస్తే చాలామందికి రొమ్మంతా తీయకుండా గడ్డవరకే తీసి, కరెంటు పెట్టి నయం చేయవచ్చు. ఏ బాధా లేకపోయినా 30 ఏళ్ళు దాటిన స్త్రీలు అయిదేళ్ళకొకసారి డాక్టరు చేతగాని, శిక్షణ పొందిన నర్సు చేతగాని రొమ్ము పరీక్ష చేయించుకోవాలి.

ఇంట్లో మగవారికీ, అత్తగార్లకూ ఒక మాట. ఆమె గడ్డ సంగతి చెప్పినప్పుడు పండుగ వెళ్ళాక, పెళ్ళి అయ్యాక అని వాయిదా వేయకండి. ఆ వారమే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.