గొర్రెల మందుతో గినీపిగ్‌కు వైద్యమా?

మా చంద్లాపూర్ పరిసరాల్లో గొర్రెల మంద ఉన్న ఇంట ఐవర్‌మెక్టిన్ సీసా కనబడటం వింత కాదు. కరోనా కాలంలో ఆ పేరు తెలియనివారే లేకపోయారు. పిల్లల ముచ్చట తీర్చడానికి గినీపిగ్‌ను తెచ్చుకునే ఇళ్లు కూడా ఇప్పుడున్నాయి. దానికి గజ్జి సోకితే, “గొర్రెకు పనిచేసిన మందు దీనికి పనిచేయదా?” అన్న ఆలోచన రావడం సహజం. మందు అదే కావచ్చు. కానీ గొర్రెల సీసాతో ఇంట్లో చేసే వైద్యం ప్రమాదకరమని నా దృఢాభిప్రాయం. నేను మనుషుల వైద్యుణ్ణే అయినా, మోతాదు లెక్క అన్ని వైద్యాలకూ ఒక్కటే.

ఇది చిన్న దురద కాదు

గినీపిగ్‌లకు గజ్జి కలిగించే ముఖ్యమైన పురుగు ట్రిక్సాకారస్ కేవియే. కంటికి కనబడని ఈ జీవి చర్మంలో బొరియలు తొలిచి గుడ్లు పెడుతుంది. వీపు, మెడ, తొడల లోపలి భాగాల్లో వెంట్రుకలు రాలి, చర్మం దళసరెక్కి పొట్టు రేగుతుంది. దురద భరించలేక ఆ ప్రాణి ఒళ్లంతా రక్కుకుంటుంది, తిండి మానేస్తుంది. వ్యాధి ముదిరితే ముట్టుకోగానే ఫిట్స్ కూడా రావచ్చు. నిర్లక్ష్యం చేస్తే ప్రాణమే పోతుంది.

అయితే వెంట్రుకలు రాలిన ప్రతిసారీ అది గజ్జి కాదు. ముక్కు, కళ్ల చుట్టూ గుండ్రంగా పొలుసులు కడితే తామర కావచ్చు. మనిషిలాగే గినీపిగ్ కూడా తన శరీరంలో విటమిన్ సి తయారుచేసుకోలేదు. అది లోపిస్తే బొచ్చు గరుకెక్కుతుంది, కీళ్లు నొప్పిపెడతాయి. కనుక చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూసిన తరువాతే చికిత్సను నిర్ణయించడం మేలు. ఒక్కోసారి అందులో పురుగు దొరకకపోయినా, లక్షణాలను బట్టి పశువైద్యులు మందు మొదలుపెడతారు.

లెక్క చూడండి

పశువులకు వాడే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున, 25 కిలోల గొర్రెకు అర మిల్లీలీటరు చాలు. అదే లెక్కన కిలో బరువున్న గినీపిగ్‌కు కావలసింది 0.02 మిల్లీలీటరు. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిపై ఒక్క గీత కూడా కాదు. ఒక్క చుక్క వేసినా దానికి రెండింతలు దాటుతుంది. ఇక “కొంచెమే వేశాను” అన్న మాటకు అర్థమేముంది? మోతాదు మించితే ఈ మందు నరాలపై పనిచేసి వణుకు, తూలుడు, స్పృహ తప్పడం వరకు తీసుకుపోతుంది. పశువైద్యులు ప్రాణిని తూచి, మందును తగినంత పలుచన చేసి ఇచ్చేది అందుకే.

రెండవ పొరపాటు ఒక్క మోతాదుతో ఆపేయడం. ఈ మందు పురుగులను చంపుతుంది, గుడ్లను చంపదు. అందువల్ల ఏడు నుండి పద్నాలుగు రోజుల ఎడంతో మళ్లీ ఇవ్వాలి. ఒకే బోనులో ఉన్న గినీపిగ్‌లన్నిటికీ చికిత్స చేయించి, బోను కడిగి, పరుపుగడ్డిని మార్చాలి.

కిరోసిన్, ఇంజన్ ఆయిల్ వంటివి ఎట్టి పరిస్థితిలోనూ పూయకండి. అది నాకి మింగుతుంది. మన ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మలాము కూడా వద్దు. అది దురదను కప్పిపుచ్చి పురుగును, తామరను పెంచుతుంది. పాత అమాక్సిసిలిన్ మాత్రను పొడిచేసి తాగించకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీపిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, అది చనిపోవచ్చు.

ఇంట్లో మనుషుల సంగతి

గినీపిగ్ పురుగు మన చర్మంపై స్థిరపడదు. కానీ ఎత్తుకుని ఆడించిన పిల్లల చేతులపై, పొట్టపై కొన్నాళ్లు దురద దద్దుర్లు రావచ్చు. తామర మాత్రం అంటుకుని నిలుస్తుంది. కనుక పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించేటప్పుడు ఇంట్లో ఉన్న జంతువు సంగతి కూడా చెప్పండి. “ఇంట్లో ఏ జంతువులున్నాయి?” అని వైద్యులూ అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే బిడ్డకు నెలల తరబడి మలాములు మారుతాయి, దురద మారదు.

రోజూ జామకాయ ముక్క, కాస్త క్యాప్సికం, పచ్చిగడ్డి పెట్టండి. వారానికోసారి బరువు తూచి రాసుకోండి. బరువు తగ్గినా, గోకుడు మొదలైనా గొర్రెల సీసా తీయకుండా ప్రాణిని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ముద్దు కోసం తెచ్చుకున్న ప్రాణికి మందును తూచి ఇప్పించడం కూడా మన బాధ్యతే.