ప్రూఫులు దిద్దేవాడి ధర్మం

ఆంగ్లంలో 'ఫ్రీలాన్స్' అనే మాట ఉంది. దానికి ప్రాచుర్యం కలిగించినవాడు వాల్టర్ స్కాట్. 1819లో వెలువడిన 'ఐవాన్‌హో' నవలలో, ఏ ప్రభువుకూ కట్టుబడక, కూలి ఇచ్చినవారి పక్షాన బల్లెం పట్టే యోధుల విషయంలో ఆయన ఆ మాట వాడాడు. బల్లెం స్థానంలో ఎర్ర కలం పెట్టుకుంటే, ఉద్యోగ విరమణ తరువాత నేను చేస్తున్న పని అదే. ఇతరుల పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. పుటకు ఇంత అని పుచ్చుకుంటాను.

ఇట్టి పనివాడు పని ఇచ్చినవారితో ఎట్లా మెలగాలన్న ప్రశ్నకు తరచుగా వినిపించే సమాధానం "వినియోగదారుడే దేవుడు" అని. ఈ మాటతో నాకు ఏకీభావం లేదు. దేవుడికి నైవేద్యం పెట్టి, ఆయనకు నచ్చిందో లేదో మనం అడగం. పని ఇచ్చినవాడు మనిషి. అతనికి ఏమి కావాలో అడగాలి. అతడు పొరబడితే చెప్పాలి. మనం పొరబడితే ఒప్పుకోవాలి. పూజ కంటే ఇది కష్టమైన పని.

ఈ పాఠం నాకు నా తప్పు వల్లనే తెలిసింది. వరంగల్లు ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత ఉద్యోగి తన బాల్యస్మృతులను వ్రాసి, దిద్దిపెట్టమని నాకు పంపారు. మొత్తం 192 పుటలు; 16 పుటల లెక్కన 12 ఫారాలు. అను లిపిలో కూర్చినదాన్ని యూనికోడ్‌లోకి మార్చడం వల్ల కొన్ని వత్తులు చెదిరాయి. వాటిని సరిచేశాను. 'రాజ్‌కుమార్' అని విడిగా పలకవలసిన పేరు 'రాజ్కుమార్' అయి కూర్చుంటే విడదీశాను. అంతవరకు నా పనే. కాని అక్కడ ఆగలేదు. 'యాదికొచ్చింది' అన్నచోట 'గుర్తుకు వచ్చింది' అనీ, 'పోయిండు' అన్నచోట 'వెళ్ళాడు' అనీ మార్చాను. రచయితను ఆయన తల్లి "తిన్నవా బిడ్డా" అని పలకరిస్తే, "తిన్నావా నాయనా" అని దిద్దాను. ఒక్కచోటనైనా అనుమతి అడగలేదు. మేలు చేస్తున్నాననే నమ్మకం నాది.

నాలుగు రోజుల తరువాత ఆయన ఫోను చేశారు. కోపం లేదు. "సార్, తప్పులు మంచిగ దిద్దిండ్రు. కని మా అవ్వ ఇట్ల మాట్లాడదు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని వల్లె వేసిన చదువు మాది. 'గ్రామ్యం' అనే మాటను నేరం పేరు విన్నట్టు విన్నాం. అయినా గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం చేసిన పోరాటాన్ని తరగతిలో ఎన్నో ఏళ్ళు పాఠంగా చెప్పాను. ఆయన పుట్టిన ఆగస్టు 29న పిల్లలచేత వ్యాసాలు వ్రాయించాను. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణలో భాషా దినోత్సవంగా జరుపుకుంటారనీ తెలుసు. ఇవన్నీ తెలిసి కూడా, చేతిలో ఎర్ర కలం పడేసరికి ఒక తల్లి మాటను ఆమె కొడుకు పుస్తకంలోనుంచే కొట్టివేశాను.

ఆ 12 ఫారాలనూ మళ్ళీ మొదటినుంచి దిద్దాను. దానికి రుసుము తీసుకోలేదు. ఆయన ఇవ్వబోతే వద్దన్నాను. మన తప్పును దిద్దుకోవడానికి అవతలివారు డబ్బు చెల్లించకూడదు. ఆ తరువాత ఆయన కొత్తగా ఒక అధ్యాయం చేర్చారు. దానికి మాత్రం ముందే చెప్పి తీసుకున్నాను. ఏది మన బాధ్యత, ఏది అదనపు పని అనే గీత మొదటి రోజే గీసుకోవాలి. మొహమాటపడి రుసుము చెప్పకుండా పని మొదలుపెట్టడం మర్యాద అనిపించుకోదు. చివరికి ఇద్దరినీ ఇరకాటంలో పెడుతుంది.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. నిస్సందేహంగా తప్పు అయినది ఎర్ర సిరాతో దిద్దుతాను. నాకు నచ్చనిదీ, నాకు తెలియనిదీ పెన్సిలుతో గుండ్రంగా చుట్టి, అంచున ప్రశ్నార్థకం పెడతాను. నిర్ణయం రచయితది. మొదటి పుట తెరవకముందే "మీ ప్రాంతపు పలుకుబడిని అట్లాగే ఉంచాలా?" అని అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అప్పుడు ఆ పెద్దమనిషి మనసు నొచ్చుకునేది కాదు.

అట్లాగని అవతలివారు ఏమన్నా తల ఊపడం సేవ కాదు. ఒకాయన తన వ్యాస సంపుటికి 'జీవితానికి అర్ధం' అని పేరు పెట్టి, ఆహ్వాన పత్రికలు కూడా వేయించుకున్నారు. "అర్ధం అంటే సగమండీ. మీరు చెప్పదలచుకున్నది అర్థం" అన్నాను. అందరూ ఇట్లాగే వ్రాస్తున్నారుగా అని ఆయన వాదించారు. "అందరి పుస్తకాలూ నా దగ్గరకు రాలేదు, మీది వచ్చింది" అన్నాను. నవ్వి, అట్ట మీద మార్పించారు. మాండలికాన్ని కాపాడడమూ, అక్షరదోషాన్ని ఎత్తిచూపడమూ ఒకదానికొకటి విరుద్ధం కావు. రెండింటిలోనూ మనం చూడవలసింది రచయిత చెప్పదలచుకున్నది పాఠకుడికి చేరుతుందా లేదా అన్నదే.

గడువు మాట ఇంకొకటి. పుస్తకం వెనుక ఆవిష్కరణ సభ ఉంటుంది, బంధువుల ప్రయాణాలుంటాయి, ముద్రణాలయం వారు కేటాయించిన రోజు ఉంటుంది. ఆలస్యమవుతుందని మనకు తెలిసిన రోజే వారికీ తెలియాలి. "రేపు ఇస్తాను" అని నాలుగుసార్లు అనడం కన్నా "పది రోజులు పడుతుంది, వీలుకాకపోతే వేరొకరికి ఇవ్వండి" అనడమే ఉపకారం. ఇట్లా చెప్పి నేను పోగొట్టుకున్న పనులున్నాయి. అట్లా పోగొట్టుకున్నవారిలో కొందరు తరువాతి పుస్తకంతో తిరిగి వచ్చారు.

ఈ పని చేపట్టదలచిన యువ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఎవరికీ ఉద్యోగులం కాము గనుక మన స్వేచ్ఛ మనదే. కాని మన చేతిలో ఉన్న కాగితాలు మనవి కావు. వరంగల్లునుంచి ఆ పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు నేను వెదికింది నా దిద్దుబాట్లను కాదు. "తిన్నవా బిడ్డా" అన్న మాట ఉన్నదా లేదా అని చూశాను. ఉంది.