ప్రోగ్రెస్ కార్డులో లేని రెండో అంకె



అమెరికాలో డాలస్ పక్కనే ఫ్రిస్కో అనే ఊరుంది. మన తెలుగువాళ్లు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. మీ చుట్టాలెవరైనా అక్కడుంటే, ఊళ్లోని బేస్‌బాల్ స్టేడియం గురించి అడిగి చూడండి. అక్కడ ఆడే జట్టు పేరు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్. ఆ ఆటగాళ్లు స్టార్లు కాదు. టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద జట్టు రేపటి కోసం తయారు చేసుకుంటున్న కుర్రాళ్లు. వీళ్లను ప్రాస్పెక్ట్‌లు అంటారు.

మేజర్ లీగ్‌లో మొత్తం 30 జట్లున్నాయి. ఒక్కో జట్టు కింద సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని నాలుగు మెట్లుంటాయి. వీటన్నిటినీ కలిపి మైనర్ లీగ్ అంటారు. ఫ్రిస్కో జట్టుది డబుల్-ఏ, అంటే పై నుంచి రెండు మెట్లు కింద. పద్దెనిమిదేళ్లకు ఎంపికైన కుర్రాడు సాధారణంగా ఈ మెట్లు ఎక్కుతూ ఏళ్లు గడపాలి. ఎక్కువమంది మేజర్ లీగ్ దాకా చేరనే చేరరు.

సెక్షన్ మార్పుల జాబితా పెట్టే ఈ రోజుల్లో బేస్‌బాల్ గోల ఎందుకు అంటారేమో. ఒక్కో కుర్రాడి మీద లక్షల డాలర్లు పెట్టే ఆ జట్లు అతన్ని కొలిచే తీరుకు, మన పిల్లల్ని మనం కొలిచే తీరుకు చాలా తేడా ఉంది. అందులో కొంత మనం నేర్చుకోవాల్సిందేనని నా అభిప్రాయం.

ఆటగాళ్లను వెతికేవాళ్లను స్కౌట్లు అంటారు. వాళ్లు వేసే మార్కులు 20 నుంచి 80 వరకు ఉంటాయి. 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడి స్థాయి. బంతిని బ్యాటుకు తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు అనే ఐదింటికీ విడివిడిగా మార్కులుంటాయి. అసలు సంగతి ఏమిటంటే, ఒక్కోదానికి ఒక అంకె కాదు, రెండు వేస్తారు. మొదటిది ఈ రోజు అతనెక్కడున్నాడో చెబుతుంది. రెండోది అతను ఎక్కడిదాకా రాగలడో చెబుతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడి బ్యాటింగ్‌కు ఈ రోజు 30, రేపటికి 55 అని రాయడం వాళ్లకు మామూలే.

ఆ రెండో అంకె గాల్లోంచి తీసింది కాదు, ఓదార్పు కోసం వేసిందీ కాదు. శరీరం ఇంకెంత ఎదుగుతుంది, ఏ బంతిని వదిలేయాలో తెలుసా, చెప్పిన మార్పును పట్టుకోగలడా, ఇవన్నీ చూసి వేస్తారు. మన ప్రోగ్రెస్ కార్డు చూడండి. గణితం 62. అంతే. ఆ 62 సూత్రాలు బట్టీ పట్టిన పిల్లవాడిదా, లెక్క అర్థమై కూడికలో తప్పు చేసిన పిల్లవాడిదా? మీకు తెలియదు. కార్డు మీద సంతకం పెట్టే మాకు తెలియాలి. తెలిసినా అది రాయడానికి అందులో గడి లేదు.

ఇంకో విషయం వయసు. డబుల్-ఏలో ఇరవై ఏళ్లవాడు వంద అవకాశాల్లో 25 హిట్లు కొట్టాడనుకోండి, ఇరవై ఆరేళ్లవాడు 30 కొట్టాడనుకోండి. ఏ జట్టయినా ముందు చూసేది మొదటివాణ్నే. తనకంటే పెద్దవాళ్ల మధ్య నిలబడ్డాడు కాబట్టి. ఏ వయసులో, ఏ మెట్టు మీద అన్నది చెప్పకపోతే అంకెకు అర్థం లేదని వాళ్లకు తెలుసు. మెట్టు ఎంత కష్టమో తెలియాలంటే మైకేల్ జోర్డాన్‌ను తలుచుకోండి. బాస్కెట్‌బాల్‌లో ప్రపంచాన్ని ఏలినవాడు. 31 ఏళ్ల వయసులో, 1994లో బేస్‌బాల్‌కు వచ్చి బర్మింగ్‌హామ్ బేరన్స్ అనే డబుల్-ఏ జట్టుకు 127 మ్యాచ్‌లు ఆడాడు. వందకు దాదాపు ఇరవై హిట్లే వచ్చాయి.

మన క్లాసులో జూన్‌లో పుట్టిన పిల్లవాడూ, తర్వాతి మేలో పుట్టినవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. దాదాపు ఏడాది తేడా. ఆపైన ఒక ఏడాది ముందే ఎల్‌కేజీలో చేర్చిన పిల్లలు కొందరు. ఒకటో తరగతిలో ఆ తేడా చాలా పెద్దది. అయినా ర్యాంకుల పట్టికలో పుట్టినరోజుకు చోటుండదు.

ఇక మీతో నేను అసలు మాట్లాడాలనుకున్నది కింది సెక్షన్ గురించి. పిల్లవాణ్ని కింది సెక్షన్‌కు మారిస్తే ఇంట్లో పెళ్లి ఆగిపోయినంత బాధ పడేవాళ్లను చూశాను. పక్కింటివాళ్లకు ఏం చెప్పాలన్నది మొదటి ప్రశ్న. పిల్లవాడికి ఎక్కడ తడబడుతోందన్నది ఎప్పటికో గానీ రాదు.

రాయ్ హాలడే అనే పిచర్ ఉండేవాడు. పిచర్ అంటే బ్యాట్స్‌మన్‌కు బంతి విసిరేవాడు. 1995లో టొరంటో బ్లూ జేస్ అతన్ని మొదటి రౌండులోనే ఎంచుకుంది. 1998లో మేజర్ లీగ్‌లో తన రెండో మ్యాచ్‌లోనే, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా చివరి ఔట్ దాకా వెళ్లాడు. అందరూ ఇతనే రేపటి హీరో అనుకున్నారు. 2000 సంవత్సరం వచ్చేసరికి అంతా తలకిందులైంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 10.64 పరుగులు ఇచ్చాడు. మంచి పిచర్ ఇచ్చేవి మూడో నాలుగో. వేగం ఉంది, కానీ తల మీది నుంచి విసిరే బంతి తిన్నగా వచ్చేది. బ్యాట్స్‌మన్లు దాన్ని పసిగట్టేశారు.

2001 మొదట్లో జట్టు అతన్ని ఏకంగా మూడు మెట్లు కిందికి, ఫ్లోరిడాలోని డనీడిన్‌లో ఉన్న క్లాస్-ఏ జట్టుకు పంపింది. మేజర్ లీగ్‌లో ఆడిన మనిషి, కొత్తగా చేరిన కుర్రాళ్ల మధ్య. మెల్ క్వీన్ అనే కోచ్ అతనితో కూర్చుని విసిరే తీరునే విప్పి మళ్లీ కట్టాడు. చేతి కోణం కిందికి దించాడు, బంతి మెలిక తిరగడం మొదలైంది. హాలడే మళ్లీ ఒక్కో మెట్టూ ఎక్కి ఆ వేసవిలోనే టొరంటోకు తిరిగొచ్చాడు. 2003లో అమెరికన్ లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. 2010లో ఫిలడెల్ఫియా తరఫున ఒక మ్యాచ్‌లో వచ్చిన 27 మందినీ వరుసగా ఔట్ చేశాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్ సై యంగ్ కూడా అతనిదే.

కిందికి పంపినందుకే బాగుపడ్డాడని నేననను. కిందికి పంపి వదిలేసిన ఆటగాళ్లు లెక్కలేనంతమంది. హాలడే కోసం అక్కడ ఒక కోచ్, ఒక పని, కొంత సమయం సిద్ధంగా ఉన్నాయి. కింది సెక్షన్‌కు మార్చిన మీ అబ్బాయికీ అమ్మాయికీ మేము ఆ మూడూ ఇవ్వకపోతే అది శిక్ష మాత్రమే. ఈ విషయంలో తప్పు మీ ఒక్కరిదే కాదు. ర్యాంకర్ల ఫొటోలతో ఊరంతా హోర్డింగులు పెట్టే మా విద్యాసంస్థలదీ అందులో వాటా ఉంది.

ఆ లోకమేదో స్వర్గమని కూడా అనుకోవద్దు. ఇంత ఓపికగా కుర్రాళ్లను తీర్చిదిద్దే ఆ జట్లే వాళ్లకు ఏళ్ల తరబడి చాలీచాలని జీతాలిచ్చాయి. 2023లో ఆటగాళ్ల యూనియన్‌తో ఒప్పందం కుదిరేదాకా ట్రిపుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లే. తర్వాత అది 35,800 అయింది. స్కౌట్ల అంచనాలూ తప్పుతాయి. 1988లో 1,390వ వాడిగా ఎంపికైన మైక్ పియాజా తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. 1991లో అందరికంటే ముందు ఎంపికైన బ్రైన్ టేలర్ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, భుజం గాయంతో అతని కథ ముగిసింది.

భుజం అంటే గుర్తొచ్చింది. అక్కడ పిల్లల బేస్‌బాల్‌కు పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలున్నాయి. తొమ్మిది, పదేళ్ల పిల్లలు రోజుకు 75 బంతులకు మించి విసరకూడదు. బాగా విసిరే పిల్లవాడికీ అదే హద్దు. స్టడీ అవర్ అయ్యాక ఇంటికొచ్చి మళ్లీ ట్యూషన్‌కు వెళ్లే నాలుగో తరగతి పిల్లలకు మనం ఏ అంకె దగ్గర ఆపుతున్నాం?

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ర్యాంకు ఎంతని అడగండి, తప్పులేదు. ఆ తర్వాత మరో రెండు ప్రశ్నలు అడగండి. మా పాప ఏ విషయంలో ముందుకెళ్లగలదని మీకనిపిస్తోంది? దానికోసం వచ్చే మూడు నెలల్లో ఎవరు, ఏం చేస్తారు? క్లాస్ టీచర్ తడుముకుంటే కోప్పడకండి. వారం గడువిచ్చి మళ్లీ రండి.